పాత గిటార్లు, వాల్వు ఆంప్‌లు అంటే అంత ఇష్టం ఎందుకు?

మీరు అడిగింది ఇది: "కొత్త గిటార్లు తక్కువ ధరకే ఇంత బాగా వస్తుంటే, అరవై డెబ్భై ఏళ్ల నాటి గిటార్లు, ఆంప్లిఫయర్లు కొని వాయించడంలో ఏముంది? నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమెరికా నుంచి ఒకటి తెప్పించుకోవచ్చా?" రెండో ప్రశ్న సంగతి చివర్లో చెప్తాను. మొదటిదానికి జవాబు మాత్రం నా దగ్గరున్న రెండు వస్తువుల్లోంచే చెప్పగలను. ఒకటి 1956 నాటి గిబ్సన్ ఈఎస్-125 గిటార్. రెండోది 1960ల చివర్లో వచ్చిన కలమజూ మోడల్ టూ అనే చిన్న వాల్వు ఆంప్, అంటే గాజు వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె. రెండూ గిబ్సన్ కంపెనీవే, ఒకే ఊళ్లో పుట్టినవి.

ఆ ఊరు మిషిగన్‌లోని కలమజూ. నేను ఎమ్మెస్ చదివింది అక్కడే. పార్సన్స్ స్ట్రీట్‌లో ఇటుకలతో కట్టిన పాత ఫ్యాక్టరీ ఉంటుంది, పొగగొట్టం మీద నిలువుగా గిబ్సన్ పేరు. 1917 నుంచి వాళ్ల పని అక్కడే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్తే, ఆ బల్లల దగ్గర ఎక్కువగా ఆడవాళ్లే కూర్చుని గిటార్లు చేశారు. 1984లో కంపెనీ ఆ ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్‌కి వెళ్లిపోయింది. ఊరు వదిలి వెళ్లడం ఇష్టంలేని కొందరు పనివాళ్లు 1985లో అదే భవనంలో హెరిటేజ్ అనే పేరుతో మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టారు. నేను బస్సులో ఆ పొగగొట్టం పక్కనుంచి రెండేళ్లు తిరిగాను. మొదట్లో ఇవేమీ నాకు తెలియవు.

ముందు ఆంప్ గురించి చెప్తాను, ఎందుకంటే నా అనుభవంలో అసలు విషయం అక్కడే ఉంది. పాత వాయిద్యాల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా గిటార్ గురించే మాట్లాడతారు. కానీ మామూలు కొత్త గిటార్‌ను మంచి వాల్వు ఆంప్‌కి తగిలిస్తే వచ్చే ఆనందం, ఎంత గొప్ప పాత గిటార్‌నైనా ఏదో ఒక ఆంప్‌కి తగిలిస్తే రాదు.

2009 వేసవిలో మా వీధి చివర గరాజ్ సేల్ పెట్టారు. పాత కుట్టుమిషన్‌కీ ప్లాస్టిక్ కుర్చీల దొంతరకీ మధ్య నల్ల రెక్సిన్ తొడుగుతో ఒక చిన్న పెట్టె ఉంది. భర్త పోయాక ఇల్లు అమ్ముకుని వెళ్తున్న ఒక పెద్దావిడది. "ఆయన శనివారం సాయంత్రాలు దీంతోనే వాయించుకునేవాడు" అంది. 80 డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాను.

గదికి వచ్చి స్విచ్ వేశాను. ఏమీ వినపడలేదు. పాడైపోయిందనుకున్నాను. అరనిమిషం తర్వాత, వెనక గాజు బుడ్డీల్లో సన్నగా నారింజ రంగు వెలుగు వచ్చింది, దాంతోపాటే వేడెక్కిన దుమ్ము వాసన. ఆ వాసన నాకు తెలుసు. తెనాలిలో మా తాతయ్య ఫిలిప్స్ రేడియో వాసన అది. పొద్దున్నే స్విచ్ వేసి "వేడెక్కనివ్వరా" అని ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లేవారు. తువ్వాలుతో తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి విజయవాడ కేంద్రం పలుకుతుండేది. ఎనిమిదివేల మైళ్లు దాటి వచ్చి, అద్దె గదిలో, ఎవరిదో పాత ఆంప్ ముందు కూర్చుంటే తాతయ్య ఇల్లు గుర్తొచ్చింది.

మొదటిరోజే దెబ్బ కూడా తిన్నాను. ఒక చెయ్యి గిటార్ తీగల మీద ఉండగా ఇంకో చెయ్యి పక్కనున్న కంప్యూటర్ ఇనుప డబ్బాకి తగిలింది. మోచేతి దాకా జివ్వుమంది. మర్నాడు దాన్ని పట్టుకుని ఊళ్లో ఆంప్‌లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ప్లగ్గు చూడగానే తల అడ్డంగా ఊపాడు. దానికి రెండే పిన్నులు, ఎర్త్ లేదు. పైగా ఆ కాలపు ఆంప్‌లలో కరెంటు తీగకీ ఇనుప చట్రానికీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ (కరెంటును నిలవ ఉంచే భాగం) పెట్టేవారు. అది లీకైతే కరెంటు చట్రం మీదుగా గిటార్ తీగల్లోకి వచ్చేస్తుంది. మెకానిక్‌లు దాన్ని డెత్ క్యాప్ అని పిలుస్తారు, ఊరికే పెట్టిన పేరు కాదు. ఆయన దాన్ని కత్తిరించేసి, మూడు పిన్నుల తీగ వేశాడు. ఎండిపోయిన పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తీసి కొత్తవి పెట్టాడు. నూటపది డాలర్లయింది, కొన్న ధరకంటే ఎక్కువ. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ప్లగ్గు పీకేసినా సరే, ఈ ఆంప్‌ల లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. పని తెలియకుండా లోపల చెయ్యి పెట్టకండి. ప్రాణాలు పోతాయి.

ఆ రోజు ఆయన నన్ను పక్కనే కూర్చోనిచ్చాడు. చేతిలో ఒక కర్ర పుల్ల పట్టుకుని ఒక్కో భాగాన్నీ తట్టి చూపించాడు. నీ గిటార్ శబ్దం ఇక్కడ లోపలికి వస్తుంది, ఈ చిన్న వాల్వులో మొదటిసారి పెద్దదవుతుంది, ఇదిగో ఈ నాబ్ దగ్గర ఆగి, ఈ పెద్ద వాల్వులోకి వెళ్తుంది, ఈ ట్రాన్స్‌ఫార్మర్ దాటి స్పీకర్‌కి చేరుతుంది. అంతే. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు, ఎమ్మెస్‌లో రెండేళ్లు చదివిన నాకు, ఒక వస్తువు మొదలు నుంచి చివరిదాకా పూర్తిగా అర్థం కావడం అదే మొదటిసారి. నా ఫోన్ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఈ పెట్టెలో ఏం జరుగుతుందో తెలుసు. ఏది పాడైనా దాన్ని మార్చుకోవచ్చు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఇది పాడుతోందంటే కారణం అదే.

ఇక స్వరం. ఇది ఐదు వాట్ల ఆంప్, పది అంగుళాల స్పీకర్. ఐదు వాట్లంటే చిన్నదనుకోకండి, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు తలుపు కొట్టడానికి అది చాలు. నాబ్‌ను సగం దాటించి ఆరు దగ్గర పెడతాను. వేలితో మెత్తగా మీటితే స్వరం శుభ్రంగా, గుండ్రంగా వస్తుంది. అదే తీగను కొంచెం గట్టిగా మీటితే అంచు గరుకెక్కుతుంది. ఇంకా గట్టిగా మీటితే గొంతు చించుకుని పాడుతున్నట్టు అరుస్తుంది. ఈ మూడింటికీ నేను ఏ బటనూ నొక్కలేదు, చెయ్యి బరువు మార్చానంతే. వాల్వుకి దాని శక్తికి మించి సంకేతం పంపినప్పుడు, అది కత్తితో కోసినట్టు ఒక్కసారిగా ఆగిపోదు. శబ్దం శిఖరాలను కొంచెం కొంచెంగా గుండ్రం చేస్తూ పోతుంది. శుభ్రమైన స్వరానికీ గరుకు స్వరానికీ మధ్య గోడ ఉండదు, ఏటవాలు ఉంటుంది. ఆ ఏటవాలు మీద పైకీ కిందకీ నడవడమే వాయించడం. వీణ నేర్చుకున్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మీటు ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది అన్నదే అక్కడ సగం సంగీతం. ఈ ఆంప్ నా కుడిచెయ్యి ఎంత బద్ధకంగా ఉండేదో నాకు చెప్పింది. అప్పటిదాకా ఎడమచేతి వేళ్లు ఎంత వేగంగా పరిగెడుతున్నాయన్నదే చూసుకునేవాణ్ని.

కొత్త డిజిటల్ పెట్టెలు ఇదే స్వరాన్ని అచ్చంగా తీసుకొస్తాయి కదా అంటారు. నిజమే, రికార్డింగ్‌లో తీసుకొస్తాయి. ఒక స్నేహితుడు ఒకసారి నాకు కళ్లు మూసి పది ముక్కలు వినిపించాడు, ఏది అసలు ఆంప్, ఏది డిజిటల్ చెప్పమని. ఐదు తప్పు చెప్పాను. అంటే నాకు తేడా తెలియలేదన్నమాట. కానీ చేతిలో గిటార్ పట్టుకుని రెండింటినీ వాయించినప్పుడు నాకు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ వస్తువుల ఆకర్షణ వినేవాళ్ల కోసం కాదు, వాయించేవాళ్ల కోసం. ఎవరైనా "పాతది వినడానికి వందరెట్లు బాగుంటుంది" అంటే నేను ఒప్పుకోను. "పాతదానితో ఇంకో గంట ఎక్కువ వాయించాను" అంటే నమ్ముతాను.

ఈఎస్-125 చాలా తర్వాత, 2015లో, ఉద్యోగంలో ఐదేళ్లు పొదుపు చేసి కొన్నాను. దానికి ముందు ఒక తప్పు చేశాను. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర, రంగు అంతా అసలుదే అన్న మాట నమ్మి 1960ల నాటి గిటార్ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చాక అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టి చూశాను. పాత నైట్రోసెల్యులోజ్ వార్నిష్ ఆ వెలుగులో లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. నాది చీకటిగా ఉండిపోయింది. ఎవరో గీకేసి మళ్లీ రంగు వేశారు. తిరిగి అమ్మితే పెట్టిన డబ్బులో సగమే వచ్చింది. అప్పటినుంచి ఆ లైటు నా సంచిలోనే ఉంటుంది. ఇంకొకటి, గిటార్ నాబ్‌ల కింద, లోపల ఉండే పొటెన్షియోమీటర్ల (నాబ్ తిప్పితే శబ్దాన్ని మార్చే భాగాల) మీద అంకెలు ఉంటాయి. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, ఆ తర్వాత అంకెలు ఏ సంవత్సరం, ఏ వారం అన్నది చెబుతాయి. అమ్మేవాళ్లు చెప్పే కథకంటే ఆ అంకెలనే నమ్మండి.

ఈఎస్-125 ఒళ్లంతా బోలు. ఒక్కటే పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం), పీ-90 రకం, మెడ దగ్గర. ఎఫ్ ఆకారపు చిల్లులోంచి పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దం పెట్టి చూస్తే లోపల సిరాతో వేసిన నంబరు, దాని ముందు వి అన్న అక్షరం కనిపిస్తుంది. గిబ్సన్ వాళ్లు 1952కి జెడ్ పెట్టి, ఏడాదికొక అక్షరం వెనక్కి నడిచారు. వి అంటే 1956. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది. మా నాన్న పలకా బలపం పట్టిన రోజుల్లో ఎవరో ఆ నంబరు ముద్ర వేశారు.

దాని మెడ గురించి చెప్పాలి. మొదటి మూడు మెట్ల (ఫ్రెట్ల) దగ్గర వార్నిష్ మొత్తం అరిగిపోయి కర్ర బయటపడింది, చేతికి పట్టులా ఉంటుంది. ఐదో మెట్టు దాటాక మాత్రం మెడ ఇంకా కొత్తదానిలా నిగనిగలాడుతుంది. అంటే నాకు ముందు దీన్ని వాయించినవాళ్లు పైకి వెళ్లి సోలోలు వాయించలేదు. కింది మెట్ల మీద కార్డ్స్ పట్టుకుని, ఎవరో పాడుతుంటే పక్కన తోడు వాయించారు, ఏళ్ల తరబడి. నా బొటనవేలు సరిగ్గా ఆ అరిగిన చోటే కుదురుకుంటుంది. వాళ్లెవరో నాకు తెలియదు, కానీ వాళ్ల చేతుల అలవాటు నా చేతికి తెలుసు.

కర్ర ఎండేకొద్దీ, పాత బియ్యంలా, స్వరం బాగుపడుతుందని చాలామంది అంటారు. నేను ఆ మాట మీద డబ్బు పెట్టను. 1956లోనూ నాసిరకం గిటార్లు చేశారు. ఈ గిటార్ బాగుండటానికి కారణం ఇది బాగా చేసిన గిటార్ కావడమే. దీనికి గుయ్‌మనే చప్పుడు కూడా ఉంది. పీ-90 ఒకే తీగచుట్ట (కాయిల్) ఉన్న పికప్, చుట్టూ ఉన్న కరెంటు రొదనంతా లాగేస్తుంది. గిబ్సన్‌లోనే పనిచేసిన సెత్ లవర్ రెండు చుట్టలతో ఆ రొదను రద్దు చేసే హంబకర్ తయారుచేశాడు, 1957 నుంచి అవి గిటార్లలో వచ్చాయి. 1958 నుంచి 1960 దాకా అవే పికప్‌లతో వచ్చిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. వాటిలో చాలా వాటిని కొని లాకర్లలో పెడుతున్నారు. నాకు అది నిజంగా బాధ కలిగిస్తుంది. నేను గుయ్‌మనే నా గిటార్‌తో, కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుని, రొద తగ్గే దిక్కు చూసుకుని వాయిస్తాను.

ఇంకొక్క సంగతి. మా ఆంప్‌లో పెద్ద వాల్వు మీద 6బీక్యూ5 అని ఉంటుంది. అది అమెరికా వాళ్ల పేరు. యూరప్‌లో దాన్నే ఈఎల్84 అంటారు. ఇంగ్లండ్‌లో వచ్చిన వాక్స్ ఏసీ30 ఆంప్‌లో ఇవి నాలుగు ఉంటాయి. 2018లో తెనాలి వెళ్లినప్పుడు నాన్న అటక ఖాళీ చేయిస్తున్నారు. తాతయ్య రేడియో దిగింది. పెట్టెకి చెదలు పట్టింది, ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడో కాలిపోయింది. వెనక అట్ట తీసి వాల్వులు ఒక్కొక్కటీ పీకి, చొక్కా అంచుతో తుడిచి చూశాను. ఒకదాని మీద ఈఎల్84, పక్కనే బెల్ ముద్ర. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ అప్పట్లో వాల్వులు చేసేది. నాన్నని అడిగి దాన్ని సాక్సులో చుట్టి తెచ్చుకున్నాను. కలమజూలో ఆంప్ బాగుచేసిన ఆ పెద్దాయన దాన్ని టెస్టర్‌లో పెడితే ముల్లు 'గుడ్' దగ్గరికి వెళ్లి నిలబడింది. "ఇంకా చాలా ఏళ్లు పాడుతుంది" అన్నాడు. ఇప్పుడు నేను రోజూ వాయించేది దానితోనే.

ఇక మీ రెండో ప్రశ్న. పాత అమెరికన్ గిటార్‌ను హైదరాబాద్‌కి తెప్పించుకోవద్దనే నా సలహా. 1950లు, 60ల నాటి చాలా గిటార్ల మెట్ల పలక బ్రెజిలియన్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ కర్ర సైటిస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, దేశాలు దాటాలంటే పర్మిట్లు కావాలి. దారిలో పట్టుబడితే గిటార్ పోతుంది. నా ఈఎస్-125ని ఎప్పుడూ ఇండియాకి తీసుకురాకపోవడానికి కారణం ఆ టెన్షనే. ఆ కర్ర దొరక్కే, గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1969లో మన దేశపు రోజ్‌వుడ్‌కి, అంటే మనం జిట్రేగి అనే చెట్టుకి మారింది. దానితో చేసిన మంచి గిటార్లు మీకు అక్కడే దొరుకుతాయి.

ఆంప్ అయితే ఆలోచించండి. అమెరికాది 120 వోల్టులకి చేసింది, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. తగినంత వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50, కాబట్టి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చినదైతే ఈ బాధ ఉండదు. అన్నిటికంటే ముందు మెకానిక్‌ని వెతకండి, ఆ తర్వాతే ఆంప్‌ని. కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల అడగండి. వాల్వు రేడియోలు బాగుచేసిన పాతతరం మనిషి ఒక్కరు దొరికినా వదలొద్దు. ఏదైనా ఆంప్ నచ్చితే, వెనక పలక తీసిన ఫోటో, ప్లగ్గు ఫోటో నాకు పంపండి, డబ్బు కట్టేముందే చూసి చెప్తాను.