గాలిమర కింద ఒక రాత్రి పడుకుంటే తెలుస్తుంది

"పొగ రాదు, బూడిద పడదు, బొగ్గు అక్కర్లేదు. అలాంటి గాలిమరలు ఊరి దగ్గర పెడతామంటే జనం ఎందుకు అడ్డుపడుతున్నారు? ఇది అభివృద్ధిని అడ్డుకోవడమే కదా?" అని మీరు రాసి అడిగారు. నేను తిరుపతిలో ఉంటాను. మా సొంతూరు పలమనేరు వైపు, కౌండిన్య అడవి అంచున. మూడేళ్ళ కింద మా ఊరి గుట్ట మీద గాలి కొలిచే స్తంభం పాతారు. అప్పటి నుంచి ఈ గొడవలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

కంపెనీ వాళ్ళు ఒకరోజు సాయంత్రం రచ్చబండ దగ్గరికి వచ్చారు. వాళ్ళ వెంట భూములు మాట్లాడిపెట్టే బ్రోకరు ఒకడు. ల్యాప్‌టాప్‌లో వీడియో వేశారు. పచ్చటి చేలు, తెల్లటి ఫ్యాన్లు, కింద పిల్లలు ఆడుకుంటున్నారు. చూడటానికి బాగానే ఉంది. మా నాయన ఒకటే అడిగాడు, "సద్దు ఎంత వస్తాది సార్?" అని. "ఇంట్లో ఫ్రిజ్ అంత" అన్నారు. నాయన ఇంటికొచ్చాక నాతో అన్నాడు, "వీడియోలో పాట పెట్టినారు గానీ ఫ్యాన్ సద్దు పెట్టలేదు రా."

మా అక్కను కదిరి అవతల ఇచ్చాం. వాళ్ళ ఊరి పక్కన ఫ్యాన్లు వచ్చి చాలా ఏళ్ళయింది. సరే, చూసొద్దామని ఆషాఢంలో నేను, మా నాయన, మా చిన్నాయన ముగ్గురం పుంగనూరు, మదనపల్లె, కదిరి మీదుగా వెళ్ళాం. ఆ నెలల్లోనే గాలి ఎక్కువ. చూస్తే అప్పుడే చూడాలి.

పగలు పోయినప్పుడు ఏమీ అనిపించలేదు. కోళ్ళు, బైకులు, పక్కింట్లో టీవీ, వీటి మధ్య ఫ్యాన్ సద్దు వినపడనే లేదు. "ఇంతేనా" అన్నాడు నాయన. బావ ఏమీ మాట్లాడలేదు. ఇంటి నుంచి దగ్గరి ఫ్యాన్ దాకా బైకు మీద పోయి మీటర్ చూశాను. ఆరు వందల మీటర్లు వచ్చింది.

రాత్రి రాగిముద్ద, చెనిక్కాయల చట్నీ తిని మిద్దె మీద పడుకున్నాం. పది దాటాక ఊరు సద్దుమణిగింది. ఇంటి ముందు వేపచెట్టు ఉంది, దాని మీద ఒక్క ఆకు కదలడం లేదు. చెమట పడుతోంది. పైన చూస్తే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. పొద్దు పోయాక నేల చల్లబడి కింద గాలి నిలిచిపోతుంది, వంద మీటర్ల పైన మాత్రం పరుగెడుతూనే ఉంటుంది. కింద ఆకుల గలగల ఉంటే ఫ్యాన్ సద్దు అందులో కలిసిపోయేది. ఆ గలగల లేదు కాబట్టి మిగిలేది ఫ్యాన్ ఒక్కటే. పక్కింట్లో ఎవరో తెల్లవార్లూ చాట చెరుగుతున్నట్టు ఉంది. ఒకటే తీరున ఉంటే ఎలాగో నిద్ర పట్టేది. అది అలా ఉండదు. కాసేపు తగ్గుతుంది, నిద్ర పట్టబోతుంటే మళ్ళీ హెచ్చుతుంది. ఫోన్‌లో సద్దు కొలిచే యాప్ పెడితే 48 చూపించింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఉన్న హద్దు 45 డెసిబెల్స్. ఫోన్ కొలత లెక్కలోకి రాదని కంపెనీ అతను తర్వాత నాతో వాదించాడు. నా చెవి కొలత ఇంకా ఎక్కువే చెప్పింది.

రాత్రి రెండు గంటలప్పుడు లేచి చూస్తే నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నిద్ర పట్టలేదా అని అడిగాను. "నిద్ర సంగతి కాదు రా. ఈ సద్దు మన గుట్ట మీద ఉంటే నాకు ఏనుగు ఇనపడదు" అన్నాడు.

మా వైపు తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో అడవి ఏనుగులకు నిలయమైన అభయారణ్యం మా కౌండిన్య. అవి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. టమోటా, అరటి, మామిడి, వరి, ఏది వేసినా కాపలా తప్పదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని, తెచ్చి మా వైపు పెట్టారంటే పరిస్థితి అర్థం చేసుకోండి. మా నాయన మంచె మీద టార్చిలైటు పెట్టుకుని కూర్చునేది చూడటానికి కాదు, వినడానికి. చీకట్లో ఏనుగు కంటికి కనపడేసరికి అది మీద ఉంటుంది. వెదురు పటపట విరిగిన సద్దు, డ్రిప్ పైపు తొక్కిన సద్దు, చెవులు విదిల్చిన సద్దు, వీటిని బట్టి ఎటు వైపు ఉందో, ఒకటా గుంపా పోల్చుకుంటారు. అప్పుడు టపాకాయలు పేలుస్తారు. ఆ వినికిడి పోతే పంట పోవడమే కాదు, మనిషే పోతాడు. ఏ కంపెనీ రిపోర్టులో ఈ మాట ఉంటుంది? ఊరివాళ్ళను అడగకపోతే ఎక్కడి నుంచి వస్తుంది?

తెల్లారాక ఇంకొకటి చూశాం. సూర్యుడు ఫ్యాన్ వెనక నుంచి లేచాడు. రెక్కల నీడ గోడ మీద పడి పోతోంది, పడి పోతోంది. మా మేనకోడలు వసారాలో హోంవర్క్ రాసుకుంటోంది. ఆ నీడ పుస్తకం మీద పడగానే ఏమీ అనకుండా పుస్తకాలు తీసుకుని పెరట్లోకి పోయింది. ఏడాదిలో కొన్ని రోజులే ఇలా ఉంటుందని అక్క చెప్పింది. అలవాటైపోయిందట. పిల్ల లేచిపోయిన తీరు చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

ఇప్పుడు రూల్స్ సంగతి. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016 మార్గదర్శకాల్లో సద్దు సమస్య ఉండకూడదని ఇళ్ళకు 500 మీటర్ల లోపల గాలిమర పెట్టకూడదన్నారు. మా అక్క ఇంటికి ఆరు వందలు. అంటే రూల్ ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, అయినా మేము నిద్రపోలేదు. ఇప్పటి ఫ్యాన్లు పాతవాటి కంటే ఎంతో ఎత్తు, ఒక్కో రెక్కే అరవై డెబ్బై మీటర్లు. దూరం ఒక కిలోమీటరైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం. అంతకంటే పెద్ద లోటు వేరే ఉంది. పర్యావరణ అనుమతి తప్పనిసరి అని 2006లో ఇచ్చిన జాబితాలో గాలి విద్యుత్తు లేదు. 2016లో కాలుష్యం లేని 'వైట్' కేటగిరీలో కూడా వేశారు. కాబట్టి గనికీ సిమెంటు ఫ్యాక్టరీకీ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ దీనికి జరగదు. పొగ లేదు గనుక నష్టమే లేదనుకున్నారు. అడిగే వేదిక లేనప్పుడు జనం రోడ్డుకు అడ్డంగా కూర్చోక ఏం చేస్తారు?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో కల్పవల్లి అని ఉంది. బీడు గుట్టల్ని ఊళ్ళవాళ్ళే ఏళ్ళ తరబడి కాపాడి అడవి చేసుకున్నారు. అక్కడ గాలిమరల కోసం గుట్టలు తొలిచి రోడ్లు వేశారు. రెక్కలు మోసే లారీలు ఎక్కాలంటే రోడ్డు అంత వెడల్పు కావాలి మరి. ఆ మట్టి వానకు కొట్టుకొచ్చింది. ఊరివాళ్ళ గొడవ పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. మా కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు వచ్చినప్పుడూ ఉద్యోగాలన్నారు, రోడ్లన్నారు. ఆ బ్లాస్టింగ్‌కి గోడలు బీటలిచ్చిన ఇళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. కొత్తవాళ్ళు ఎవరొచ్చి నవ్వుతూ మాట్లాడినా మావాళ్ళు వెంటనే నమ్మకపోవడానికి అదీ ఒక కారణం.

తిరుపతిలో మా ఆఫీసువాళ్ళకు ఇది చెబితే, "పాపవినాశనం దారిలో గాలిమరలు ఎంత బాగుంటాయి, అక్కడ సెల్ఫీలు దిగుతాం కదా" అన్నారు. సెల్ఫీ దిగి పది నిమిషాల్లో బస్సెక్కేస్తాం. వీళ్ళే కల్యాణ మండపంలో రాత్రి పదిన్నరకు డీజే మోగితే పోలీసులకు ఫోన్ చేస్తారు. డీజే ఒక్క రాత్రి, ఫ్యాన్ ఇరవై పాతికేళ్ళు.

ఊరివాళ్ళు చెప్పేదంతా నిజమని నేను అనను. ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తాయి, అందుకే వానలు లేవు అని అక్క ఊళ్ళో చాలామంది అంటారు. అది తప్పు, మబ్బులు ఫ్యాన్ల కంటే ఎంతో పైన ఉంటాయి. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని, పల్లెటూరి మూఢనమ్మకం అని మిగతా అన్నీ కొట్టేయడం అన్యాయం. ఇంకోటి, స్థలం ఇచ్చిన రైతుకు లీజు డబ్బు వస్తుంది, సద్దు మాత్రం అందరికీ. మా గుట్ట కింద కాలనీలో సెంటు భూమి లేనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఒక్క రూపాయి రాదు, ఫ్యాన్ వాళ్ళకే అందరికంటే దగ్గర.

నాకు గాలి కరెంటు మీద కోపం లేదు. రాష్ట్రంలో ఇప్పటికే నాలుగు వేల మెగావాట్ల దాకా ఉంది, ఇంకా రావాలి. జనం లేని గుట్టలు మన దగ్గర తక్కువేం లేవు, అక్కడ పెట్టండి.

మేము తిరిగొచ్చాక గ్రామసభలో నాయన మాట్లాడాడు. ఏనుగు సంగతే చెప్పాడు. కాలనీ వాళ్ళతో సహా అందరూ సంతకాలు చేశారు. కాగితం తీసుకుని పోయారు, ఇప్పటిదాకా జవాబు లేదు. స్తంభం మాత్రం గుట్ట మీద అలాగే ఉంది, దాని మీద గాలి వేగం కొలిచే గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి.

మీది ఏ ఊరో రాయలేదు. మీ దగ్గర కూడా ఇలాంటి ప్రతిపాదన ఉంటే సంతకం పెట్టే ముందు మెసేజ్ చేయండి, అక్క వాళ్ళింట్లో రాత్రికి పడుకునే ఏర్పాటు నేను చేస్తాను. ఆషాఢంలోనే రండి. మీతో పాటు రాత్రి కాపలాకు పోయే మనిషిని ఒకరిని తీసుకురండి.