ర్యాలీ చరిత్ర ఉందంటున్న ఆస్టిన్-హీలీ 3000 కొనొచ్చా?

ఆస్టిన్-హీలీ 3000 అనే ఈ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాగుంటే తప్పకుండా కొనండి. ర్యాలీ కథకు మాత్రం, కాగితాలు చూసేదాకా అదనంగా ఒక్క పౌండు కూడా ఇవ్వకండి. బర్మింగ్‌హామ్‌లో మీరు చూసిన 1962 హీలీకి పక్కనుంచి బయటికొచ్చే సైలెన్సర్, బానెట్ మీద తోలు పట్టీ, ముందు అదనపు ల్యాంపులు, అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ పేరున ఇచ్చే పాస్‌పోర్టు ఉన్నాయని, అందుకే మామూలు హీలీ కన్నా బాగా ఎక్కువ అడుగుతున్నారని రాశారు. వీటిలో ఏ ఒక్కటీ ఆ కారు ఆ రోజుల్లో ర్యాలీ ఆడిందని రుజువు చేయదు. నేను కోవెంట్రీ దగ్గర ఉంటాను. కొన్నేళ్లుగా ఒక బీజే8 హీలీ (3000లోనే తర్వాతి మోడల్) నడుపుతున్నాను, నాకు చేతనైన రిపేర్లు నేనే చేసుకుంటాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ కథకు అంత విలువ ఎందుకో చూడండి. 1960లో పాట్ మాస్, ఆన్ విజ్డమ్ అనే ఇద్దరు మహిళలు ఈ మోడల్ కారులో లీజ్-రోమ్-లీజ్ ర్యాలీ గెలిచారు. మహిళల విభాగంలో కాదు, మొత్తం ర్యాలీలోనే మొదటి స్థానం. నాలుగు రోజులు దాదాపు నిద్ర లేకుండా, యూగోస్లావియా మట్టిరోడ్ల మీద నడపడమంటే మాటలు కాదు. 1961, 62ల్లో మోర్లీ సోదరులు ఆల్పైన్ ర్యాలీ వరసగా రెండుసార్లు కొట్టారు. 1964లో రౌనో ఆల్టోనెన్, టోనీ ఆంబ్రోజ్ స్పా-సోఫియా-లీజ్ గెలిచారు. ఇవన్నీ ఈ కారును తయారుచేసిన బీఎంసీ కంపెనీకి ఆబింగ్‌డన్‌లో ఉన్న పోటీల విభాగం తయారు చేసిన కార్లు. అవి కొద్దే. వాటి నంబర్లు, ఏ ర్యాలీలో ఎవరు నడిపారన్నది హీలీ అభిమానులు కంఠస్థం చేసినంత పని చేశారు. మీరు చూసినది వాటిలో ఒకటైతే ఆస్టిన్-హీలీ క్లబ్‌లో అడిగితే తేలిపోతుంది. అయితే బ్రిటన్‌లో నంబర్ ప్లేటును ఒక కారు నుంచి ఇంకో కారుకు మార్చుకోవచ్చు. అందుకని ప్లేటు కాదు, ఫ్యాక్టరీలో కారుకే వేసిన చాసిస్ నంబరు చెప్పి అడగండి.

అదే చాసిస్ నంబరుతో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించండి. కారు ఎప్పుడు తయారైంది, అసలు రంగేమిటి, ఇంజిన్ నంబరెంత, ఏ దేశానికి పంపారు అన్నవి ఫ్యాక్టరీ రికార్డు చూసి ఇస్తారు. హీలీల్లో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. తర్వాత చాలావాటిని వెనక్కి తెచ్చి, స్టీరింగ్ కుడివైపుకు మార్చి, ర్యాలీ కారులా ముస్తాబు చేశారు. 1962లో ఎడమ స్టీరింగుతో కాలిఫోర్నియాకు పంపిన కారు అదే ఏడాది ఆల్ప్స్‌లో పోటీ పడిందంటే నమ్మేదెలా? ఇక ఎఫ్‌ఐఏ పాస్‌పోర్టు విషయం. కారు ఇప్పుడు ఆ కాలపు స్పెసిఫికేషన్‌లో ఉందని మాత్రమే అది చెబుతుంది, పాత చరిత్రకు పూచీ పడదు. సొంత డబ్బుతో ర్యాలీలు ఆడిన కార్లూ ఉన్నాయి, వాటి చరిత్ర కూడా నాకు గౌరవమే. కానీ దానికి అప్పటి ఫొటో, ఎంట్రీ కాగితం, పాత లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం), ఏదో ఒకటి ఉండాలి.

ఇప్పుడు అసలు పని, కారు కింద చూడటం. నలభై ఏళ్లు దాటిన కార్లకు ఇక్కడ సాధారణంగా ఎంఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష, అక్కర్లేదు కాబట్టి, కొన్నేళ్లుగా ఎవరూ కిందకి తొంగి చూడకపోయి ఉండొచ్చు. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. తలుపుల కింది సిల్స్ (గడప లాంటి ఉక్కు పట్టీలు) మీద, ముందు చక్రాల వెనక వింగ్ (చక్రం మీది రేకు) కింది భాగం మీద మెల్లగా జరపండి. పట్టు వదిలేసిన చోట లోపల ఉన్నది పుట్టీ. ముందు, వెనక నడిమి భాగాల్లో, అంటే గ్రిల్ చుట్టూ, డిక్కీ చుట్టూ అంటుకోకపోతే కంగారుపడకండి, మామూలు హీలీకి కూడా అవి అల్యూమినియంవే. ఆ అల్యూమినియం, పక్కనున్న ఉక్కు వింగ్ కలిసే అంచు వెంబడి పెయింటు బుడగలు లేచాయేమో వేలితో తడిమి చూడండి. రెండు లోహాలు తగిలి, మధ్యలో తడి చేరితే అక్కడ తినేస్తుంది. నేను చూసిన ఒక కారు బయటికి అద్దంలా మెరుస్తోంది. తలుపు వేస్తే పైఅంచు దగ్గర సందు సన్నగా, కింద వెడల్పుగా ఉంది. జాకీ మీద లేపితే ఆ సందు ఇంకా మారిపోయింది. అంటే చాసిస్ కుంగిందన్నమాట. దానికి టింకరింగ్ చాలదు, బాడీ మొత్తం విప్పాల్సిందే. ఇంజిన్ బాగుచేసే ఖర్చు దీని ముందు చిన్నది.

2912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ మొండిది. వెనక నుంచి కాస్త ఆయిల్ కారడం మామూలే. ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు కాబట్టి కారు కదులుతుండగా వేస్తే కర్రుమంటుంది, దాన్ని లోపం అనుకోకండి. మూడు, నాలుగు గేర్లలో ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) స్విచ్ వేసి చూడండి, వెంటనే పడాలి. పడకపోతే ముందు ఆయిల్, వైరింగ్ చూడమనండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. వైర్ వీల్స్‌కు (తీగల చక్రాలకు) హబ్ మీద పట్టే పళ్లు, అంటే స్ప్లైన్లు, అరిగాయేమో తెలియాలంటే చక్రాన్ని గాల్లోకి లేపి, ఒకరు బ్రేకు తొక్కి ఉంచగా ముందుకీ వెనక్కీ ఆడించండి. టక్కుమని శబ్దం వస్తే ఖర్చుంది.

టెస్ట్ డ్రైవ్ పది నిమిషాలతో ముగించకండి. కాళ్ల దగ్గర వచ్చే వేడి అరగంట తర్వాతే తెలుస్తుంది, వేసవిలో మీ ఆవిడ పక్కన కూర్చోవాలంటే అది పెద్ద విషయమే. మామూలు సైలెన్సర్ నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గర గీసుకుంటుంది. పక్కనుంచి వచ్చే సైలెన్సర్ అందుకు ఉపయోగమే, నాకూ అది ఇష్టమే. దాని విలువ ఒక సైలెన్సర్ విలువంత, అంతకన్నా ఎక్కువ కట్టొద్దు.

సర్టిఫికెట్ వచ్చేవరకు అడ్వాన్స్ ఇవ్వకండి. అమ్మేవాళ్లు తొందరపెడితే, మంచి హీలీ కారు ధర ఎంతో అంతే చెప్పి ఊరుకోండి. కొన్నాక ఇన్సూరెన్స్ అగ్రీడ్ వేల్యూ (ముందే ఒప్పుకున్న విలువ) పద్ధతిలోనే తీసుకోండి, కారు ఫొటోలు, బిల్లులు అప్పుడే వాళ్లకు పంపేయండి.