పిట్ట ఫొటోతో పాటు ఇంటి అడ్రసు కూడా ఇచ్చేస్తున్నారు

సందేహం: రాజోలు దగ్గర పల్లెలో ఉంటాను, రిటైర్డ్ టీచర్ని. మా పెరట్లో కొబ్బరిమట్ట మీద వాలిన లకుముకి పిట్టను ఫోన్‌తో జూమ్ చేసి తీశాను. ఫోన్‌లో చాలా బాగుంది. వాట్సాప్‌లో స్టూడియోకి పంపి 18x24 అంగుళాల ఫైన్ ఆర్ట్ ప్రింట్ వేయిస్తే ఈకలన్నీ పులిమేసినట్టు వచ్చాయి, నీలం వెలవెలబోయింది. ప్రింట్లు కొనేవాళ్లు చూసుకుంటారని ఒరిజినల్ ఫొటోలన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ఫేస్‌బుక్‌లో లింక్ ఇచ్చాను. ప్రింట్ బాగా రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, పిట్ట ఒక్కటే మారుతుంది. పాలకొల్లు నుంచి రాసినవారిది తేనెపిట్ట, అమలాపురం నుంచి రాసినవారిది గిజిగాడి గూడు.

ముందు వాట్సాప్ సంగతి. మామూలుగా పంపిన ఫొటోను అది పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. దాన్ని 24 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 66 పిక్సెళ్లే మిగులుతాయి. ఇలాంటి ప్రింట్‌కి 300 అడుగుతారు, గోడకి తగిలించి కాస్త దూరం నుంచి చూసేదైతే 200 ఉన్నా నడుస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. హెచ్‌డీ అని నొక్కి పంపినా కుదింపు తప్పదు.

అయితే మీ లెటర్ చదివాక ప్రింట్ కంటే నాకు టెన్షన్ పెట్టింది ఆ డ్రైవ్ లింక్. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో ఫైల్ లోపల ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉంటుంది, ఏ రోజు ఎన్ని గంటలకు తీశారో కూడా. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ ఆ వివరాలు తీసేస్తుంది, కానీ డాక్యుమెంట్‌గా పంపినా, డ్రైవ్‌లో ఒరిజినల్ పెట్టినా అవి అలాగే వెళ్లిపోతాయి. అంటే ప్రింట్ కోసం నేను చెప్పిన ఉపాయమే ఇక్కడ ప్రమాదం. ఊరవతల చెరువు గట్టు మీద తీసిన ఫొటో అయితే ఇంత భయం లేదు. మీరు తీసింది పెరట్లో, కాబట్టి ఆ అంకెల్ని మ్యాప్‌లో వేస్తే కొద్ది మీటర్ల తేడాతో మీ ఇల్లే కనిపిస్తుంది. లింక్ ఉన్న ఎవరికైనా కనిపించేలా 40 ఫొటోలు పెడితే, మీరు ఏ వేళల్లో ఇంట్లో ఉంటారో కూడా తెలియనివాళ్లకి అప్పగించినట్టే. గూడు ఫొటో అయితే పిట్ట పిల్లల్ని పట్టి అమ్మేవాళ్లకి ఆ చెట్టు దారి చూపించినట్టు.

ఆ లింక్‌ని ఇవాళే రిస్ట్రిక్టెడ్‌గా, అంటే మీరు అనుమతించినవాళ్లకే తెరుచుకునేలా మార్చండి. విండోస్ కంప్యూటర్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళితే కింద ఈ వివరాలు తీసేసి కాపీ చేసే ఆప్షన్ ఉంటుంది. ఆ కాపీనే బయటకు ఇవ్వండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. కెమెరాని మొదటిసారి తెరవగానే లొకేషన్ అడిగి, సరే అని నొక్కించుకుని, ఆ సంగతి ఇంకెప్పుడూ గుర్తు చేయకపోవడం బాధ్యత లేని డిజైన్. ఫొటో తీయడానికి ఇంటి అడ్రసు ఎందుకు?

ఇక ఈకలు పులిమినట్టు రావడంలో ఫోన్ జూమ్ పాత్ర కూడా ఉంది. 100 రెట్లు జూమ్ అని ఊదరగొడతారు గానీ, అంత దూరాన చిన్న సెన్సర్‌కి అందని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. ఆరంగుళాల తెర మీద అది ఈకలా కనిపిస్తుంది, పెద్ద కాగితం మీద కుంచె గీతలా తేలిపోతుంది. నన్నడిగితే ఈ పని ఫోన్‌తో అయ్యేది కాదు. 24 మెగాపిక్సెళ్ల సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే కెమెరా), దూరాన్ని దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్స్ చూసుకోండి. 6000 పిక్సెళ్ల పొడవు ఉంటుంది కాబట్టి, కత్తిరించకుండా వాడితే 24 అంగుళాలకు అంగుళానికి 250 పడతాయి. లకుముకి పిట్ట ఎక్కువగా అలవాటైన చోటే వచ్చి వాలుతుంది, కిటికీ వెనక కదలకుండా కూర్చుంటే చాలు. లెన్స్‌ని మాత్రం బీరువాలో పడేయకండి, మన కాలవల గాలి తేమకి ఒక్క వానాకాలంలో ఫంగస్ పట్టేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

నీలం విషయంలో స్టూడియోని పూర్తిగా తప్పుపట్టలేం. ఆ రెక్కల నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, ఈక లోపలి అతి సన్నటి నిర్మాణంలో వెలుగు చెదిరి పుట్టింది. ఇంకుతో అంత మెరుపు రాదు. ఫోన్ తెర ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూసి ఆశపెంచుకోవడం ఇంకో పొరపాటు. ఆ పేపర్‌కి, ఆ ప్రింటర్‌కి ఐసీసీ ప్రొఫైల్ (రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) ఇమ్మని అడగండి, దాంతో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా చూస్తే రంగు ఎంత తగ్గుతుందో ముందే తెలుస్తుంది. ప్రొఫైల్ అంటే ఏంటని వాళ్లే అడిగితే వేరే చోటు వెతుక్కోండి. ఫ్లెక్సీలు వేసే మిషన్ మీద కాన్వాస్ గుడ్డ ఎక్కించి ఫైన్ ఆర్ట్ అని డబ్బు తీసుకుంటున్నారు, ఒప్పుకోకండి. పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగుపొడితో చేసిన ఇంకు), యాసిడ్ లేని కాటన్ పేపర్ అని స్పష్టంగా అడగండి. ముందు పిట్ట తల, రెక్క వచ్చేలా చిన్న ముక్క అసలు సైజులో వేయించి, పగటి వెలుగులో చూసుకుని, నచ్చాకే పెద్దదానికి డబ్బు కట్టండి.