రాజుగారి దవడను చిత్రకారుడు ఎందుకు సరిదిద్దలేదు?

ప్రశ్న: స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ బొమ్మ ఒకటి చూశాను. ఎర్రకోటు మీద వెండి పని ధగధగలాడిపోతోంది గానీ, ముఖం పాలిపోయి, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. జీతమిచ్చే రాజునే అలా వేయడానికి ఆ చిత్రకారుడికి ధైర్యం ఎలా వచ్చిందండీ? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసింది 1644లో డియెగో వెలాస్కెజ్ వేసిన బొమ్మ. ఆయన 1623 నుంచీ ఆ రాజు కొలువులోనే ఉన్నాడు, కాబట్టి ఆ ముఖం ఆయనకు కొత్త కాదు, రాజుకు ఆయన కుంచె కొత్త కాదు. ఆ దవడ స్పెయిన్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశానిది. తరతరాలుగా దగ్గరి చుట్టాల్నే పెళ్లి చేసుకోవడంతో అది వాళ్లలో పాతుకుపోయింది, ఈ ఫిలిప్ కూడా 1649లో సొంత మేనకోడల్నే రెండో పెళ్లి చేసుకున్నాడు. నన్నడిగితే ఆ దవడ దాచాల్సినదేం కాదు, ఫలానా వంశం వాడని చెప్పే గుర్తు.

ఇక ఆ బొమ్మ వేసిన చోటు చూడండి. 1640లో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం రాజు మీద తిరగబడితే, ఫ్రెంచివాళ్లు దానికి తోడొస్తే, రాజు తనే సైన్యంతో బయల్దేరి ఫ్రాగా అనే చిన్న ఊళ్లో మకాం పెట్టాడు. అక్కడ పాడుబడ్డ గదికి వెలుతురు కోసం కిటికీ పెట్టించి, నేల మీద రెల్లు పరిపించి, మూడంటే మూడు రోజులు రాజును నిలబెట్టి వేశాడు వెలాస్కెజ్. ఆ తొందర కోటు చేతుల మీద కనిపిస్తుంది: దూరం నుంచి వెండి అల్లిక అనిపించేదంతా దగ్గరికెళితే తెల్లరంగు, బూడిదరంగు చుక్కలూ గీతలే, ఒక్క పువ్వు కూడా పూర్తిగా గీసి ఉండదు. ముఖం మాత్రం నెమ్మదిగా, నున్నగా వేశాడు. దర్జా అంతా బట్టలకిచ్చి ముఖాన్ని ఉన్నదున్నట్టు వదిలేశాడు, నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా నచ్చేది అదే.

రాజుకు కోపం వచ్చిందా అంటే, లేదు. బొమ్మను మాడ్రిడ్‌లో ఉన్న రాణికి పంపించాడు, కాటలోనియాలోని యెయిదా పట్టణం చేతికొచ్చిన సంబరాల్లో మాడ్రిడ్‌లోని కాటలోనియా వాళ్లు దాన్ని చర్చిలో పందిరి కింద పెట్టారు. వెలాస్కెజ్‌కు ఆ తర్వాత పెద్ద పదవులే దక్కాయి. కానీ ఆ అక్టోబరులోనే రాణి పోయింది, 1646లో వారసుడైన కొడుకూ పోయాడు. 1653లో రాజు ఒక ఉత్తరంలో తన బొమ్మ వేయించుకుని తొమ్మిదేళ్లయిందనీ, వెలాస్కెజ్ నిదానం భరించడం కష్టమనీ, ముసలివాణ్ణవుతున్న తనను చూసుకోవాలని లేదనీ రాసుకున్నాడు. తర్వాత ఎలాగో ఒప్పుకున్నాడు, ఆ బొమ్మల్లో కళ్ల కింద బరువు కూడా ఉన్నదున్నట్టే ఉంది.

ఫ్రాగా బొమ్మ న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్‌లో ఉంది, ముసలితనపు బొమ్మలు మాడ్రిడ్ ప్రాడోలోనూ లండన్ నేషనల్ గ్యాలరీలోనూ ఉన్నాయి. ఆ మ్యూజియంల సైట్లలో పెద్ద ఫొటోలు దొరుకుతాయి, ముందు కోటు చెయ్యి జూమ్ చేసి చూసి, ఆ తర్వాత ముఖానికి రండి.