లోయలో మిగలాల్సినవాళ్ళు ఏమయ్యారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. పాత సమాజాలు ఎలా మారాయో కంప్యూటర్ సిమ్యులేషన్‌తో తెలుసుకోవచ్చట, ప్రాజెక్టు అదే చేస్తానంటోంది. తవ్వకాలు, శాసనాలు వదిలేసి వీడియో గేమ్‌లాంటి దాంట్లో చరిత్ర వెతకడమేమిటని టెన్షన్‌గా ఉంది. దీన్ని చదువు అంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: నిక్షేపంగా అంటారమ్మా. తవ్వకాలు వదిలేస్తే అసలు ఈ పని మొదలే కాదు. నా విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలో అరిజోనా ఈశాన్య మూలనున్న లాంగ్ హౌస్ లోయ. అక్కడి మూలవాసులైన నేటి హోపీలు, ఇతర ప్యూబ్లో ప్రజల పూర్వీకులు అక్కడ వందల ఏళ్ళు మొక్కజొన్న పండించుకుని బతికారు. క్రీ.శ. 1300 ప్రాంతానికి లోయ ఖాళీ అయిపోయింది. 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు నడిచిందని చెట్ల వలయాలు, అంటే మానులో ఏటా ఒకటి చొప్పున ఏర్పడే గీతలు, చెబుతున్నాయి. కరువొచ్చింది, వలసపోయారు అని సరిపెట్టుకోవచ్చు. కానీ కరువొక్కటే అంత పని చేసిందా?

ఇది తేల్చడానికి రాబర్ట్ ఆక్స్‌టెల్, జాషువా ఎప్‌స్టీన్, జెఫ్రీ డీన్, మరికొందరు పరిశోధకులు కలిసి ఆ లోయ నమూనాను (మోడల్) కంప్యూటర్‌లో నిర్మించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఏ ఏడు వాన ఎలా ఉందో చెట్ల వలయాల నుంచి, ఏ కాలంలో ఎన్ని ఇళ్ళున్నాయో పురావస్తు సర్వే నుంచి తీసుకున్నారు. అందులో ఒక్క ఇంటిని చూడండి. ఐదుగురు మనుషులు, మనిషికి ఏడాదికి 160 కిలోల మొక్కజొన్న, అంటే ఇంటికి ఎనిమిది క్వింటాళ్ళు. గాదెలో ఉన్నదీ రాబోయే పంటా కలిపితే ఏడాది గడుస్తుందా అని ఆ ఇల్లు ఏటా లెక్క చూసుకుంటుంది. గడవదనుకుంటే వేరే చేను వెతుక్కుంటుంది. అదీ దొరక్కపోతే లోయ విడిచిపోతుంది. కొన్నేళ్ళకు ఆ ఇంట్లోంచే మరో కాపురం వేరుపడుతుంది. ఇలా క్రీ.శ. 800 నుంచి 1350 వరకు నడిపించారు.

జనాభా పెరగడం, పడిపోవడం చాలావరకు పురావస్తు లెక్కకు దగ్గరగానే వచ్చాయి. ఒక్క చోట మాత్రం కుదరలేదు. కంప్యూటర్ లోయలో 1300 తర్వాత కూడా కొన్ని ఇళ్ళు మిగిలాయి. అంటే కొద్దిమంది బతకడానికి ఆ నేల చాలు. అయినా నిజం మనుషులు ఒక్కరూ ఉండలేదు. నా దృష్టిలో ఈ పని మొత్తానికీ విలువ ఆ తేడాలోనే ఉంది. చుట్టాలు, పూజలు, ఊరుమ్మడి బతుకు, ఇలాంటివేవో వాళ్ళను కదిలించి ఉండాలి. వాటిని మళ్ళీ చరిత్రకారులే వెతకాలి.

2009లో మార్కో జాన్సెన్ అనే మరో పరిశోధకుడు ఈ మోడల్‌ను తిరిగి రాసి పరీక్షించారు. లెక్కలు అంతగా కలవడానికి ప్రధాన కారణం నేల ఎంతమందిని పోషించగలదన్నదేనని చూపించారు. కాబట్టి మోడల్‌లో ఇళ్ళు పాటించే ప్రతి నియమం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏది తీసేసినా ఫలితం మారదో మీ అమ్మాయిని గట్టిగా అడగండి. నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ లోయ మోడల్ ఉంది. ఇంట్లోనే తెరిపించి, దిగుబడి అంకెను కాస్త తగ్గించమని చెప్పి, ఇళ్ళ సంఖ్యను చూపే గీత ఎటు పోతుందో పక్కనే కూర్చుని చూడండి.