ఇంజన్ పోయిందని తేల్చే ముందు ప్లగ్గులు విప్పి చూడండి

ప్రశ్న ఇది: నీళ్లు నిలిచిన రోడ్డు దాటుతుంటే కారు ఠక్కున ఆగిపోయింది, సెల్ఫ్ కొడితే ఒక్క 'టక్' తప్ప ఏమీ లేదు, మెకానిక్ చూసి ఇంజన్ పట్టేసింది, మార్చాల్సిందే అంటున్నాడు. నిజమేనా?

చేత్తో తిప్పి చూడకుండా ఆ మాట ఎవరన్నా నమ్మకండి. అప్పటిదాకా మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, తోయించి స్టార్ట్ చేయించొద్దు. బతికే ఇంజన్‌ను చంపేది ఆ రెండో సెల్ఫే.

బ్యాటరీ దిగినా, టెర్మినల్ వదులైనా, సెల్ఫ్ మోటారు పళ్లు ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కున్నా అదే 'టక్' వస్తుంది. అందుకే గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు చివరి పుల్లీ మధ్య బోల్టుకు సాకెట్ తగిలించి, పొడుగు హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. చాలా ఇంజన్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. ఎదురు తిప్పితే బోల్టు ఊడొస్తుంది. రెండు పూర్తి చుట్లు ఆగకుండా తిరిగిందా, ఇంజన్ లోపల ఏదీ పట్టేయలేదు, సెల్ఫ్, బ్యాటరీల సంగతి చూసుకోండి.

తిరగకపోతే, ఎలా ఆగిందో చేతికి తెలుస్తుంది. కొంత తిరిగి ప్రతిసారీ ఒకే చోట గట్టిగా ఆగితే సిలిండర్‌లో నీళ్లున్నట్టు, లేదా టైమింగ్ (వాల్వులు తెరిచి మూసుకునే వేళ) తప్పి వాల్వు పిస్టన్‌కు తగులుతున్నట్టు. వెంట్రుకవాసి కూడా కదలకపోతే క్రాంక్ బేరింగో పిస్టనో పట్టేసి ఉండొచ్చు. అయినా తీర్పు చెప్పే ముందు ముందువైపు బయటి బెల్టు (టైమింగ్ బెల్టు కాదు) తీసి ఇంకోసారి తిప్పండి. ఆల్టర్నేటరో, ఏసీ కంప్రెసర్ పుల్లీ బేరింగో బిగుసుకుపోయి ఇంజన్‌ను ఆపేయడం ఉంది. బెల్టు తీయడానికి కొద్ది నిమిషాలు చాలు, ఆ కాస్త పని చేయకుండా ఇంజన్ హెడ్ (సిలిండర్ల పై మూత) దించేయడం అన్యాయం.

మీరు చెప్పినదాన్ని బట్టి గాలి గొట్టంలోంచి నీళ్లు లోపలికి పోయి ఉంటాయి. నీరు గాలిలా నొక్కుకోదు. నాలుగు సిలిండర్ల 1600 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో చోటు ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే లెక్క) 10 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే చోటు సుమారు 44 మిల్లీలీటర్లే. అదే సైజు డీజిల్‌లో నిష్పత్తి 16 అయితే 27. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కిందికీ దిగాయి. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, ప్లగ్గులన్నీ విప్పండి. డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు, అవి కదలకపోతే ఇంజెక్టర్లు. అప్పుడు మళ్లీ పానాతో తిప్పితే ఇంతసేపు మొండికేసిన క్రాంక్ మెత్తగా కదిలి, ఒక రంధ్రంలోంచి బుడబుడమంటూ నీళ్లు పైకొస్తాయి. రెండు చుట్లు సాఫీగా తిరిగాకే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టండి. నీళ్లు పిచికారీలా ఎగజిమ్ముతాయి, మొహం దగ్గర పెట్టకండి.

నీళ్లు పోయాయి కదా అని వెంటనే ప్లగ్గులు బిగించేయకండి. రంధ్రంలోంచి సన్నటి కడ్డీ దించి, ప్రతి పిస్టన్ ఎంత పైకొస్తోందో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా అర మిల్లీమీటరు కిందే ఆగితే రాడ్ వంగిందని అనుమానించాలి. వంగిన రాడ్‌తోనూ ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఎన్నాళ్లకో విరిగి బ్లాక్‌కు బొక్క పెడుతుంది. కొలతలు బాగుంటే ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి చేత్తో తిప్పండి, లేకపోతే సిలిండర్ లోపలి గోడ తుప్పు పడుతుంది. గాలి గొట్టాలు, టర్బో ఉంటే ఇంటర్‌కూలర్ వంచి నీళ్లు తీసేయండి. ఆయిల్, ఫిల్టర్ మార్చి పదిహేను నిమిషాలు నడిపి మళ్లీ రెండూ మార్చండి. తర్వాత గేజీతో కంప్రెషన్ (ఒక్కో సిలిండర్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటకూడదు.

ప్లగ్గులు విప్పినా కదలకపోతే పాత ఆయిల్‌ను తెల్లగుడ్డ మీదుగా వంచండి. మెరిసే పలుకులు కనిపించి, వాటిలో అయస్కాంతానికి అంటుకోనివి ఎక్కువుంటే బేరింగులు అరిగాయి. ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. ఎర్రటి ఆయిల్ లైటును చాలామంది 'ఆయిల్ తగ్గింది, తర్వాత పోద్దాం' అని చదువుకుంటారు. అది చెప్పేది ప్రెషర్ సంగతి. దాని స్విచ్ సాధారణంగా అర బార్ లోపు పడిపోతేనే వెలుగుతుంది, అంటే అప్పటికే బేరింగులు ఎండిపోతున్నాయి. వెలిగిన క్షణమే ఇంజన్ ఆపాలి.

రెండో కోపం గ్యారేజీల మీద. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బిగించేటప్పుడు సిలికాన్ పేస్టు చేతికొచ్చినంత పూస్తారు. లోపలికి పొంగిన పేస్టు ముక్కలై ఊడి పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది, పంపుకు ఆయిల్ అందదు. మూడు మిల్లీమీటర్ల సన్నటి గీత చాలు. ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోవడం ఇంకోటి. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే ప్రెషర్‌కు రింగు తన్నుకొచ్చి, నిమిషాల్లో ఆయిలంతా రోడ్డుపాలు.

బేరింగులే పోయుంటే క్రాంక్ కొలిపించి, గ్రైండింగ్ చేయించి, సన్నబడిన దానికి సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేయించాలి. స్ట్రైనర్, పంపు, ఆయిల్ కూలర్ శుభ్రం చేయకుండా బిగిస్తే పాత పలుకులు కొత్త బేరింగులనూ తినేస్తాయి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్ ఫ్యూజ్, కాయిల్ కనెక్టర్లు తీసి, పది సెకన్ల చొప్పున ఆపి ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టించండి.