ఇంతకీ మీ హీరో ఏం చేస్తున్నాడు?

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో మొబైల్ షాపులో పనిచేస్తూ రెండేళ్లుగా ఒక కథ రాసుకుంటున్నా. హీరో పల్లెటూరి కుర్రాడు, చాలా మంచోడు. వాళ్ల నాన్నకున్న రెండెకరాలు సర్పంచ్ తమ్ముడు తన పేరు మీదికి ఎక్కించుకుంటాడు, నాన్న మంచాన పడతాడు, ప్రేమించిన అమ్మాయికి వేరే సంబంధం చూస్తారు, హీరో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఇంటర్వెల్‌కి తిరగబడతాడు. మొన్న హైదరాబాద్ వెళ్లి ఒక కో-డైరెక్టర్ గారికి చెప్తే పావుగంట విని 'ఇంతకీ మీవాడు ఏం చేస్తున్నాడు తమ్ముడూ' అన్నారు. అన్ని కష్టాలు పడుతున్నాడు కదా సార్, ఇంకేం చెయ్యాలి?

జవాబు: ఆయన అడిగింది కరెక్టే తమ్ముడూ. నీ కథలో ఇంటర్వెల్ దాకా పనిచేస్తోంది సర్పంచ్ తమ్ముడు ఒక్కడే. మీవాడు చూస్తాడు, బాధపడతాడు, వానలో నిలబడి ఏడుస్తాడు (వాన ఉందని నువ్వు రాయలేదు గానీ ఉండే ఉంటుంది). ప్రేక్షకుడికి జాలేస్తుంది, నిజమే, కానీ ఆ జాలి ఎంతసేపు, పది నిమిషాలయ్యాక ఫోన్ తీస్తాడు.

'వాడికి నాన్న పరువు నిలబెట్టాలని ఉంది సార్' అంటావేమో. పరువుని కెమెరా పెట్టి ఎలా తీస్తావ్? అదే 'నాన్న పేరున్న పాత పహాణీ (పొలం ఎవరిదో రాసుండే రికార్డు) నకలు సంపాదించాలి' అనుకో, అది తియ్యొచ్చు, దొరికిందో లేదో చివరి బెంచీవాడికి కూడా తెలిసిపోద్ది.

ఆఫీసు వరండాలో కూర్చోబెట్టే బదులు ఇలా చూడు. ఆ నకళ్ల కట్ట రిటైరైన వీఆర్వో ఒకాయన ఇంట్లో దాచుకున్నాడు, ఎల్లుండి ఊరు ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోతున్నాడు, సర్పంచ్ ఇంటికి భయపడి మీవాడితో మాట్లాడడు. సరే, సామాను సర్దడానికి మనుషులు కావాలి కదా, మీవాడు కూలీలతో కలిసి వెళ్లి మంచాలూ బీరువా మోసి ట్రాలీ ఆటోకి ఎక్కిస్తుంటాడు. బీరువా పక్కకి ఒరిగేసరికి కట్ట జారి కాళ్ల దగ్గర పడుద్ది. పెద్దాయన లోపల మంచినీళ్లు తాగుతున్నాడు. తీసుకుని పారిపోతాడా, అడుగుతాడా? చాలా మంచోడని ఇందాక రాశావే, అది ఇక్కడ తేలుద్ది, హీరోయిన్ ఫ్రెండ్ చేత చెప్పిస్తే తేలదు.

ఇలా హీరో ఎలాగైనా చెయ్యాలనుకునే పనినే గోల్ అంటారు. గోల్ అంటే కత్తి పట్టాలని కాదు. 2010లో వచ్చిన మర్యాద రామన్న చూడు, సునీల్ పొలం అమ్ముకుందామని సీమకొచ్చిన భయస్తుడు. తెలియక తన మీద పగబట్టినవాళ్ల ఇంటికే అతిథిగా వెళ్తాడు. గడప దాటితే నరికేస్తారు, ఇంట్లో ఉన్నంతసేపూ ముట్టుకోరు. ఇంక వాడికి ఉన్న పనల్లా గడప దాటకుండా ఉండటమే, దానికోసం పూటకో సాకు వెతుకుతాడు, మనం వాడితో పాటు ఆ గడపనే చూస్తూ కూర్చుంటాం. పొలం అమ్మే సంగతి ఎప్పుడు పక్కకెళ్లిందో కూడా గుర్తుండదు.

అన్నట్టు ఆ అమ్మాయి ఏం చేస్తోంది? సంబంధం చూస్తుంటే కూర్చుని ఉందా? డీఎస్సీకి చదువుతోందనుకో, పరీక్ష రోజే పెళ్లిచూపులు పెట్టు.

ప్రశ్న: గోల్ మొదటి సీన్లోనే చెప్పెయ్యాలా సార్? ట్విస్ట్ పోదా?

జవాబు: పెద్ద గోల్ అక్కర్లేదు, చిన్నది ఉంటే చాలు. ఈగ (2012)లో నాని చచ్చిపోయేదాకా పగ అన్న మాటే లేదు, అప్పటిదాకా హీరోయిన్ బిందు చేత అవుననిపించుకోవడమే వాడి పని. ఆమె మనసులో మాట చెప్పేసరికే వాడి ప్రాణం పోతోంది. అందుకే వాడు ఈగగా పుట్టి, తనని చంపిన విలన్ సుదీప్ చెవి దగ్గర మొదటిసారి జుయ్యిమన్నప్పుడు దానికేం కావాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.